ప్రోస్టేటు కాన్సరు: బాధను లెక్కించుట నేర్చిన వైద్యము

వార్ధక్యమున పురుషులకు వచ్చు వ్యాధులలో, ఇంటివారితోనైనను చెప్పుకొనుటకు సిగ్గుపడునది యొకటి కలదు. మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళమును చుట్టుకొని, ఉసిరికాయంత గ్రంథి యొకటి పురుషులకు మాత్రమే యుండును. దానిని ప్రోస్టేటు గ్రంథి యందురు. వయసు మీరినకొలది అది పెరుగుట సామాన్యము. ఆ పెరుగుదల యంతయు కాన్సరు కాదు. కాని కొందరికి ఆ గ్రంథియందే కాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండని పిలిచిన వ్యాధి, పుట్టును. అది ముదిరి గ్రంథిని దాటినప్పుడు తరచుగా ఎముకలను, అందును నడుమును, వెన్నును, తుంటిని పట్టి పీడించును. అట్టి దశకు వచ్చిన రోగుల ఆయువునే గాక వారి సుఖదుఃఖములను గూడ లెక్కలోనికి తీసికొనుట వైద్యశాస్త్రము ఎట్లు నేర్చినదో ఆ చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

1853వ సంవత్సరమున లండన్ ఆసుపత్రిలోని ఆడమ్సు అను శస్త్రవైద్యుడు, సూక్ష్మదర్శినితో పరీక్షించి నిర్ధారించిన ప్రోస్టేటు కాన్సరును మొట్టమొదట వర్ణించి, ఇది మిక్కిలి అరుదైన వ్యాధి యని వ్రాసెను. నిజమునకు అది అంత అరుదైనది కాదు. నాటి పురుషులలో పెక్కండ్రు ఆ వయసు వరకు జీవించుట లేదు; జీవించినవారి వ్యాధి మూత్రము బిగియుటగానే లెక్కకు వచ్చెను. 1904లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హ్యూ హాంప్టన్ యంగు అను వైద్యుడు కాన్సరు పట్టిన గ్రంథిని సమూలముగ తీసివేయు శస్త్రచికిత్సను చేసెను. గ్రంథిలోపలనే యున్న వ్యాధికి అది ఉపకరించినది. ఎముకలకు ప్రాకిన వ్యాధికి మాత్రము మార్గము కానరాలేదు.

మార్గము పశువులను చూచిన చూపునుండి వచ్చినది. ఆబోతునకును ఎద్దునకును గల భేదము వ్యవసాయదారులకు చెప్పనక్కరలేదు. 18వ శతాబ్దముననే ఇంగ్లాండునందలి జాన్ హంటరు అను శస్త్రవైద్యుడు, విత్తులు తీసిన పశువులలో ఈ గ్రంథి చిన్నదై సారము తగ్గి యుండుట గమనించి వ్రాసియుంచెను. కెనడాలో 1901లో జన్మించి షికాగో విశ్వవిద్యాలయమున పనిచేసిన చార్లెసు హగ్గిన్సు, కుక్కలకు గూడ ముదిమిలో ఈ గ్రంథి వ్యాధులు వచ్చునని యెరిగి, వానిపై పరిశోధనలు సల్పెను. పిమ్మట 1941లో తన శిష్యుడగు హాడ్జెసుతో కలిసి, రోగియొక్క వృషణములను తొలగించినను, స్త్రీత్వమును కలిగించు రసమును మందుగా నిచ్చినను, ముదిరిన కాన్సరు వెనుకకు తగ్గునని ప్రకటించెను. ఎముకల నొప్పితో మంచము పట్టినవారిలో పలువురికి కొలది దినములలోనే బాధ తగ్గి, ఆకలి పుట్టి, లేచి తిరుగుటకు శక్తి వచ్చెను. దీనికై హగ్గిన్సునకు 1966లో, అనగా 25 ఏండ్ల తరువాత, నోబెల్ బహుమానము లభించెను.

ఈ మేలునకు వెల లేకపోలేదు. పురుషరసము లోపించినవానికి ఒడలంతయు ఉన్నట్టుండి సెగ లెగయును, చెమటలు పట్టును, దాంపత్యేచ్ఛ నశించును, కండ కరగును, ఎముకలు గుల్లబారును, మనసు క్రుంగును. స్త్రీరసపు మాత్రలు మ్రింగినవారికి రొమ్ములు పెరిగెను. అంతటితో పోలేదు. అమెరికాలో మాజీ సైనికుల వైద్యశాలలయందు జరిగిన పెద్ద పరిశీలనఫలితము 1967లో వెలువడినప్పుడు, ఆ మాత్రలను అధికముగా వాడినవారిలో గుండెజబ్బు మరణములు హెచ్చినట్లు తేలినది. 1971లో ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిను అను శాస్త్రజ్ఞుల బృందములు, పురుషరసమును మెదడు శాసించు మార్గమును విశదపరచినవి. 1977లో వారిరువురును నోబెల్ బహుమానమున పాలు పొందిరి. దాని ఫలితముగా 1980ల నుండి, కత్తి పెట్టకయే ఆ రసమును అణచు సూదిమందులు వచ్చినవి. కోత తప్పినది గాని, రసలోపమువలన వచ్చు బాధలు తప్పలేదు. మరియు, ఈ చికిత్సకు లోబడిన వ్యాధి కొంతకాలమునకు చాలమందిలో తిరిగి తలయెత్తును.

అన్ని యేండ్లును వైద్యులు ముఖ్యముగా లెక్కించినది రోగి యెన్ని నెలలు బ్రదికె ననియే. ఆ నెల లెట్లు గడచినవో కొలుచు సాధనములు కొరతగా నుండెను. 1940ల చివర న్యూయార్కునందలి డేవిడ్ కార్నోఫ్స్కీయు ఆయన సహచరులును 100 నుండి 0 వరకు ఒక కొలబద్దను ఏర్పరచిరి. ఏ బాధయు లేక తన పనులు చేసికొనువానికి 100, మృతునకు 0, తరచుగా పరుల సాయము కావలసినవానికి నడుమ 50. అయితే ఆ కొలబద్దను చూచి అంకె వేయువాడు వైద్యుడే గాని రోగి కాడు.

రోగినే అడిగిన ఒక ప్రసిద్ధ పరిశీలన 1996లో కెనడాలో వెలువడినది. ఇయాన్ టానక్కు అను వైద్యుడును ఆయన సహచరులును, రసచికిత్సకు లొంగని వ్యాధితో నొప్పిపడుచున్న 161 మంది రోగులను రెండు వర్గములు చేసిరి. ఒక వర్గమునకు ప్రెడ్నిసోను మాత్రము, రెండవ వర్గమునకు దానితోపాటు మైటోజాంట్రోను అను మందును ఇచ్చిరి. నొప్పి ఎంత తగ్గినదో రోగులే చెప్పవలెను; అదియే ఆ పరిశీలనకు ప్రధానమగు లెక్క. మొదటి వర్గమున నూటికి 12 మందికి, రెండవ వర్గమున నూటికి 29 మందికి ఉపశమనము కలిగెను. ఆ ఉపశమనము రెండవ వర్గమువారికి ఎక్కువకాలము నిలిచెను. ఆయువు మాత్రము రెండు వర్గములకును సమానమే. ఒక్క దినమైనను ఆయువును పొడిగింపని ఆ మందును, నొప్పి తగ్గించుచున్న దను కారణముననే అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ అదే యేట అంగీకరించెను. బాధ తగ్గుటయే ఒక ఫలితమని ఒప్పుకొనిన ఆ నిర్ణయము ఈ చరిత్రలో పెద్ద మలుపు.

1998లో మరియొక పాఠము వచ్చినది. వృషణములు తీసిన రోగులకు ఫ్లూటమైడు అను మాత్రను అదనముగా నిచ్చి చూడగా, ఆయువు చెప్పదగినంత పెరుగలేదు. విరేచనములు హెచ్చినవనియు మనసు క్రుంగినదనియు రోగులు తెలిపిరి. రోగులను అడుగకున్నచో ఈ నష్టము లెక్కకు వచ్చెడిది కాదు. 2004లో డోసిటాక్సెలు అను మందు ఈ దశయందు ఆయువును గూడ కొంత పొడిగించునని రుజువైనది. ఆ పరిశీలనలో నొప్పిని, జీవనసౌఖ్యమును గూడ ఆయువుతోపాటు కొలిచిరి.

ఇక మన దేశపు సంగతి. ఎముకల నొప్పికి వైద్యులు కొలది మాత్రముగా ప్రయోగించు కిరణచికిత్సయు, నల్లమందునుండి తీయు మార్ఫీనును గొప్ప సాధనములు. తీవ్రమైన కాన్సరు నొప్పికి మార్ఫీనును నోటిద్వారా, వేళ తప్పక ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1986లో పద్ధతి నిర్ణయించెను. గసగసాల పైరును ప్రభుత్వానుమతితో పండించి, ఔషధములకై నల్లమందును పరదేశములకు పంపిన దేశము మనది. అయినను 1985 నాటి మాదకద్రవ్యచట్టపు కట్టుబాట్లకు వెరచి మన వైద్యశాలలు పెక్కు మార్ఫీనును ఉంచుటయే మానినవి. 1993లో కేరళలోని కోళిక్కోడున డాక్టరు ఎం. ఆర్. రాజగోపాలు మొదలగువారు ఉపశమనవైద్య సంఘమును స్థాపించిరి. తరువాత ఆ రాష్ట్రమున ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల ఇండ్లకు పోవు పద్ధతి వ్యాపించెను. 2014లో పార్లమెంటు చట్టమును సవరించి మార్గము సులభము చేసెను. హైదరాబాదునందలి ఎం.ఎన్.జె. కాన్సరు వైద్యశాలయందును ఉపశమనవైద్య విభాగము ఏర్పడినది.

మందులు వచ్చినవి, చట్టము మారినది. కాని రోగి నోరు విప్పనిచో వైద్యునకు తెలియు దారి లేదు. మన పెద్దలు నొప్పిని ఓర్చుకొనుట మగతనమనియు, మూత్రబాధ చెప్పుట అవమానమనియు తలచుట కలదు. ఆ తలపును విడువవలెను. వైద్యుని సలహాతో నొప్పికై వాడు మార్ఫీను దురలవాటుగా మారుట అరుదు. దానివలన వచ్చు మలబద్ధమునకు మందు కలదు. చికిత్స ఆరంభించుటకు ముందే, ఇది ఆయువును పెంచునా, బాధను తగ్గించునా, దీనికి చెల్లింపవలసిన వెల యేమి అని అడుగుటకు రోగికి హక్కు కలదు. ఈ వ్యాధి కలవానికి వెన్నునొప్పి హఠాత్తుగా హెచ్చి, కాళ్లు బలము తప్పినను, తిమ్మిరెక్కినను, మూత్రము నిలిచినను, తెల్లవారువరకు ఆగరాదు. ఆ పూటనే పెద్దాసుపత్రికి చేర్పవలెను. వెన్నుపాము నలిగిపోకముందే చికిత్స జరిగినయెడల అతడు తన కాళ్లమీద తాను నడచుటకు అవకాశము మిగులును.