స్నోబోర్డ్ బైండింగ్: కాలు నొప్పి పెట్టకుండా, పట్టు వదలకుండా

ఒకే పలక మీద రెండు కాళ్లూ పెట్టి, పక్కకు తిరిగి నిలబడి మంచు కొండ మీద జారే ఆట స్నోబోర్డింగ్. ఆ పలకకు బూటును పట్టి ఉంచే సామానే బైండింగ్. చూడటానికి వెనుక గోడ ఉన్న ప్లాస్టిక్ చెప్పులా ఉంటుంది. బోర్డు మీదా జాకెట్ మీదా డబ్బు పోసేవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు. కానీ మనిషి బరువు బోర్డు అంచుకు చేరేది దీని ద్వారానే. మలుపైనా, ఆగడమైనా దీని చేతిలోనే ఉంది. వదులుగా ఉంటే బోర్డు మాట వినదు. మరీ బిగిస్తే కాసేపటికే కాలివేళ్లు మొద్దుబారిపోతాయి. డిజైనర్లు ఇన్నేళ్లుగా తంటాలు పడుతున్నది ఈ రెండింటి మధ్యే.

లంబసింగిలో ఎంత చలి పెట్టినా బోర్డు జారేంత మంచు పడదు కాబట్టి మన దగ్గర ఈ మాట కొత్త. అయితే చలికాలం సెలవులకు గుల్‌మర్గ్ వెళ్లే కుటుంబాలకూ, అమెరికాలో పిల్లలను స్కూలు వాళ్లు మంచు కొండకు తీసుకెళ్లే కుటుంబాలకూ ఇది పనికొచ్చే సంగతే.

మొదట్లో బైండింగ్ అనేదే లేదు. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు తన పిల్లల కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఒక ఆటవస్తువు చేశాడు. దాని పేరు స్నర్ఫర్. ముందు కొసకు ఒక తాడు, నిలబడటానికి పలక, అంతే. కాలు జారితే పలక ఒకవైపు, మనిషి ఒకవైపు. తర్వాత 1977లో వెర్మాంట్‌లో జేక్ బర్టన్ కార్పెంటర్ బోర్డుల కంపెనీ పెట్టాడు. 1979లో మిషిగన్‌లో జరిగిన స్నర్ఫర్ పోటీకి కాలు పట్టి ఉంచే పట్టీలున్న బోర్డుతో వెళ్తే కొందరు అభ్యంతరం చెప్పారు. చివరికి విడిగా ఒక విభాగం పెట్టి ఆడనిచ్చారు, అందులో ఆయనే గెలిచాడు. పట్టీ ఉంటే బోర్డు మీద అదుపు ఎంత పెరుగుతుందో ఆ రోజు అందరికీ కనిపించింది.

అసలు మలుపు 1980ల మొదట్లో వచ్చింది. మడమ వెనుక పిక్క దాకా నిలబడే గట్టి గోడను, అంటే హైబ్యాక్‌ను, చేర్చిన ఘనత ఎక్కువమంది జెఫ్ గ్రెల్‌కు ఇస్తారు. దీని పని తెలియాలంటే మడమవైపు మలుపును గమనించాలి. జారేవాడు వెనక్కి వాలితే పిక్క హైబ్యాక్‌ను నొక్కుతుంది, ఆ ఒత్తిడితో బోర్డు మడమవైపు అంచు మంచులో దిగుతుంది. ఈ గోడ లేకపోతే ఆ పనంతా కాలి కండరాలే చేయాలి, గట్టి మంచు మీద అది అయ్యే పని కాదు. మునివేళ్లవైపు మలుపులో హైబ్యాక్‌కు పని లేదు. అప్పుడు మడమ పైకి లేవకుండా ఆపేది చీలమండ మీది స్ట్రాప్.

ఇప్పటి మామూలు బైండింగ్‌లో అడుగున బేస్‌ప్లేట్, దాని మధ్యలో బోర్డుకు స్క్రూలతో బిగించే గుండ్రటి డిస్క్, వెనుక హైబ్యాక్, పైన రెండు స్ట్రాప్‌లు ఉంటాయి. ఒకటి చీలమండ మీద, ఒకటి వేళ్ల దగ్గర. పళ్లున్న ప్లాస్టిక్ పట్టీని రాచెట్ అనే మీట ఒక్కో పన్నుగా ముందుకు లాగుతుంది. వైర్లు కట్టే జిప్ టై లాంటిదే, కాకపోతే విప్పడానికి వీలుంటుంది. డిస్క్‌ను తిప్పి పాదం కోణం మార్చుకోవచ్చు. ముందు పాదం 15 డిగ్రీలు ముందుకూ, వెనుక పాదం 15 డిగ్రీలు వెనక్కీ తిప్పి బాతులా నిలబడే పద్ధతి చాలామందికి నచ్చుతుంది.

హాయి విషయంలో మంచి మార్పు వేళ్ల స్ట్రాప్‌లో జరిగింది. పాత స్ట్రాప్ పాదం పైభాగాన్ని కిందికి నొక్కేది, నొప్పి అక్కడే మొదలయ్యేది. కొత్తది బూటు ముక్కుకు టోపీలా తొడుక్కుని పాదాన్ని వెనక్కి, మడమ గూటిలోకి నెడుతుంది. నొక్కుడు తగ్గింది, పట్టు పెరిగింది. పాదం కింద మెత్తటి ఫోమ్ వేసి దెబ్బల అదురు తగ్గించడం, మోకాళ్లు సహజంగా ఉండేలా అడుగును కొద్దిగా లోపలికి వాల్చడం కూడా ఇలాంటివే.

స్ట్రాప్‌లే వద్దన్న ప్రయత్నాలూ జరిగాయి. 1990లలో బూటు అడుగున లోహపు కొక్కెం పెట్టి, తొక్కితే తాళం పడే స్టెప్-ఇన్ బైండింగ్‌లు వచ్చాయి. అడుగున మంచు గడ్డకట్టి తాళం పడకపోవడం, పట్టు కోసం బూటును గట్టిగా చేయాల్సి రావడం వల్ల అవి మరుగున పడ్డాయి. 2017లో బర్టన్ కంపెనీ స్టెప్ ఆన్ పేరుతో అదే ఆలోచనను మళ్లీ తెచ్చింది. ఈసారి కొక్కేలు అడుగున కాదు, వేళ్ల దగ్గర రెండు పక్కలా రెండు, మడమ వెనుక ఒకటి. మంచులో కూర్చుని రాచెట్‌లతో కుస్తీ పట్టే బాధ తప్పింది. చిక్కల్లా ఖర్చుతోనే. దానికి సరిపడే బూట్లు మాత్రమే పట్టుకుంటాయి కాబట్టి పాత బూట్లు పక్కన పెట్టాల్సిందే. ఏడాదికి నాలుగు రోజులు ఆడేవాళ్లకు ఇది గిట్టుబాటు కాదు, మామూలు స్ట్రాప్ బైండింగ్ చాలు.

చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. స్కీ బైండింగ్ పడిపోగానే దానంతట అది ఊడుతుంది కదా, ఇది ఎందుకు ఊడదు? స్కీలో కాళ్లు వేర్వేరు పలకల మీద ఉంటాయి. పొడవాటి పలక ఒక్కటి మెలిపడితే మోకాలు పోతుంది, అందుకే అది ఊడాలి. స్నోబోర్డులో రెండు కాళ్లూ ఒకే పలకకు ఉంటాయి, మోకాలి మీద ఆ మెలిక తక్కువ. ఇక్కడ ఒక కాలు ఊడి ఇంకో కాలు ఉండిపోతేనే ప్రమాదం. కాబట్టి ఊడకపోవడం లోపం కాదు, కావాలని చేసిందే. అయితే హిమపాతంలోనో, చెట్టు మొదట్లో పేరుకున్న లోతైన మెత్తటి మంచులోనో చిక్కుకున్నవాడికి ఇదే శత్రువు. కాళ్లు విడిపించుకోవడం చాలా కష్టం. రోప్‌వే ఉందని గుర్తు పెట్టిన దారి వదిలి ఒంటరిగా పైకి వెళ్లకూడదని గుల్‌మర్గ్‌లో చెప్పేది ఊరికే కాదు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చేతులు ఆనించి పడతారు కాబట్టి మణికట్టు దెబ్బలు ఎక్కువ. దానికి రిస్ట్ గార్డ్ ఉంది. చీలమండ దెబ్బ మాత్రం మోసం చేస్తుంది. తాలస్ అనే ఎముక బయటి అంచు విరిగితే, డాక్టర్లు దాన్ని ‘స్నోబోర్డర్ చీలమండ’ అంటారు, అది అచ్చం బెణుకులాగే ఉంటుంది. మామూలు ఎక్స్‌రేలో దొరక్కుండా పోవచ్చు, సీటీ స్కాన్‌లో తెలుస్తుంది. చీలమండ బయటివైపు నొప్పి తగ్గకపోతే, దెబ్బ తగిలింది స్నోబోర్డు మీద అని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

అద్దెకు తీసుకునేటప్పుడు సిగ్గుపడకుండా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బైండింగ్ సైజు బూటుకు సరిపోవాలి, మడమ హైబ్యాక్‌కు ఆనాలి. పట్టీ పళ్లు అరిగి రాచెట్ జారుతుంటే, హైబ్యాక్‌లో పగులు కనిపిస్తే వేరేది అడగాలి. బైండింగ్‌ను చేత్తో పట్టుకుని అటూఇటూ ఊపితే బోర్డు మీద కదలకూడదు, కదిలితే స్క్రూలు బిగించమనాలి. పిల్లలకూ కొత్తవాళ్లకూ కాస్త వంగే హైబ్యాక్ మేలు. వేళ్లు తిమ్మిరెక్కితే చీలమండ స్ట్రాప్ రెండు పళ్లు వదలాలి, బిగింపు మడమను పట్టేంతే ఉండాలి. కుర్చీ లిఫ్ట్ ఎక్కేటప్పుడు వెనుక కాలు విప్పుతారు. అప్పుడు వేలాడే స్ట్రాప్, స్కార్ఫ్ చివర, పొడవాటి కుర్తా అంచు దేనికీ చిక్కుకోకుండా జాకెట్ లోపల దోపుకోవాలి. హిజాబ్ వేసుకునేవాళ్లకు హెల్మెట్ కింద పట్టే పలచటి, పిన్నులు లేని రకం సరిపోతుంది.