నీరు పట్టిన గుండె, మరచిన కాలువలు

రొళ్ల, మడకశిర పల్లెల్లో సాయంత్రానికి పాదాలు వాచి, బొటనవేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడకపోతే ‘ఒంటికి నీరు పట్టింది’ అంటారు. గుండె బలహీనపడిందంటారు డాక్టర్లు. నిజమే, కానీ సగం నిజం. ఆ నీటిని వెనక్కి చేర్చాల్సిన శోషరస నాళాల ఊసు అరుదుగా వస్తుంది. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కడుతుందని తెలుసు గానీ, ఆ బిళ్ల ఏ కాలువ మీద ఉందో అడగం. వైద్యమూ చాలాకాలం అడగలేదు. 1622లో ఇటలీలో అసెల్లీ అనే వైద్యుడు తిండి తిన్న కుక్క కడుపు కోసి, పేగుల దగ్గర తెల్లని దారాలు చూసి నరాలనుకున్నాడు. ఒకటి కోస్తే పాలలాంటి ద్రవం చిమ్మింది. 1651లో ఫ్రాన్సులో పెకే ఆ పాలు మెడ దగ్గరి సిరల్లో కలుస్తాయని చూపాడు. కొద్దికాలానికే స్వీడన్‌లో రుడ్బెక్ గుండె మీదా ఈ నాళాలున్నాయని గుర్తించాడు. అయినా 1628 నాటి హార్వే రక్తప్రసరణ సిద్ధాంతమే అందరినీ ఆకట్టుకుంది. ఎర్రటి రక్తం కంటికి కనబడుతుంది, రంగులేని శోషరసం కనబడదు మరి.

మనకు ఈ నాళాలు బోదకాలుగానే పరిచయం. దాని పురుగుపై నేటికీ వాడే మందు డైఇథైల్ కార్బమజీన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం నుంచే 1947లో వచ్చింది. బహుశా అందుకే శోషరసమంటే కాలి సంగతే అనుకున్నాం. పైగా కేశనాళికల నుంచి ఊరిన నీరు చాలావరకు సిరల్లోకే తిరిగి చేరుతుందని, మిగిలిందే శోషరసమని 1896 నాటి స్టార్లింగ్ సూత్రం మీద పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 2010లో శాస్త్రవేత్తలు లెవిక్, మిషెల్ దాన్ని సవరించారు: చాలా కణజాలాల్లో ఆ నీరు తిరిగొచ్చే ప్రధాన దారి శోషరసమే. గుండె నీరసిస్తే సిరల్లో ఒత్తిడి పెరిగి ఊట ఎక్కువవుతుంది, ఆ ఒత్తిడే మెడ దగ్గర శోషరసానికి అడ్డుపడుతుంది. చెరువు నీరు ఎగదన్నితే అందులో పడే వాగు వెనక్కి నిలిచినట్టు.

గుండె మార్పిడిలో గుండె మీది శోషరస నాళాలను తెంచేస్తారు, మళ్లీ కుట్టరు, అయినా మనిషి బతుకుతాడు కదా అనొచ్చు. బతుకుతాడు, కానీ కొత్త గుండె కండకు మొదట్లో వాపు వస్తుంది. ఇంకా బలమైన అభ్యంతరం ఎలుకల నుంచి వచ్చింది. 2015లో గుండెపోటు తర్వాత కొత్త శోషరస నాళాలు మొలిపిస్తే గుండె మెరుగైంది. కానీ 2021లో ఆ మొలకలను అడ్డుకున్నా గుండె పనితీరు తగ్గలేదు. మొలకలు లేకున్నా నడిచిందంటే ఉన్న కాలువలు అక్కర్లేదని కాదు. మొలిపించే మందుకు తొందరపడొద్దని మాత్రం ఒప్పుకోవాలి. ఇవాళ కాళ్ల వాపుకు ఇచ్చే లాసిక్స్ మాత్ర నీటిని మూత్రంలోకి పంపుతుంది. మెడ దగ్గరి ఆ వాకిలిని తెరిచే మాత్ర ఇంకా రాలేదు.