వేటగాని ప్రక్కన బిడ్డ: అడవి టర్కీ చరిత్రము

1612వ సంవత్సరమున జహంగీరు పాదుషా పనుపున గోవాకు పోయిన ముకర్రబ్ ఖాను అచటినుండి కొనితెచ్చిన వింతవస్తువులలో, మొగలు కొలువువారికి క్రొత్తయైన యొక పెద్ద పక్షి యుండెను. దాని తలయు మెడయు క్షణమునకొక రంగు తాల్చుట చూచి విస్మితుడైన పాదుషా, ఆ సంగతిని స్వీయచరిత్రమున వ్రాసికొనుటయేగాక, ఆస్థాన చిత్రకారుడగు మన్సూరుచే దాని రూపమును వ్రాయించెను. ఆ పటము నేటికిని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియమున నున్నది. అయితే పాదుషా చూచినది మచ్చికైన టర్కీ కోడి. పూర్వము మెక్సికో ప్రాంతపు ప్రజలు పెంచుకొనిన ఆ పక్షిని స్పెయినువారు పదునారవ శతాబ్ది యారంభమున ఐరోపాకు కొనిపోగా, అది ఓడలెక్కి లోకమెల్ల తిరిగినది. ఉత్తరామెరికా యడవులలో మిగిలిపోయిన దాని జ్ఞాతుల చరిత్రము వేరు. బిడ్డలను వెంటబెట్టుకొని టర్కీ వేటకు పోవు అమెరికనుల యాచారము ఆ యడవిజాతి నాశ్రయించి పెరిగినదే.

వసంతమున తెల్లవారుజామున, రాత్రి నిదురించిన చెట్టుకొమ్మమీదనుండి యింకను దిగకమునుపే, పుంజు గొంతెత్తి కూయును. ఆ కూత విని పెట్టలు దానికడకు పోవుట ప్రకృతిధర్మము. వేటగాడు ఈ ధర్మమును తలక్రిందులు చేసి, తానే పెట్టవలె కూసి, పుంజును తనకడకు రప్పింపజూచును. దీమపు పిట్టనుంచి కౌజులను పట్టిన మన పల్లెల వేటగాండ్రకు ఈ యుపాయము క్రొత్తగాదు గాని, అచట మనుష్యుని నేర్పే మొదటి దీమము. ఈ పక్షికి చూపు మిక్కిలి తీక్ష్ణము. చేయి కదలిన చాలును, మరి కానరాదు. కావున చెట్టుమొదట వీపానించి, దోమ కుట్టినను చలింపక, కూర్చుండవలెను. పదేండ్ల పిల్లవానిచే ఆ పని చేయించుట వానిచే తపస్సు చేయించుటయే.

ఈ పక్షి యొకప్పుడు అంతరించిపోవునంతటి స్థితికి వచ్చెను. వలసవచ్చిన ఐరోపావారు అడవులు నరికి పొలములు చేయుటయు, సంతలో నమ్ముటకై ఏ ఋతువునందును విడువక చంపుటయు దీనికి కారణములు. కనెక్టికట్‌లో 1813 నాటికే అది కానరాదయ్యెను. మసాచుసెట్స్‌లో కడపటి పక్షిని 1851లో మౌంట్ టామ్ కొండమీద చంపిరి. ఆపైన 1904లో న్యూయార్కున బయటపడిన తెగులు చెస్ట్‌నట్ వృక్షములను నాశనము చేయగా, మిగిలినవాటి యాహారమునకును కొరత యేర్పడెను. ఎన్నియో ప్రాంతములలో, కొడుకును అడవికి తోడ్కొనిపోవు తండ్రి యుండెనేగాని, చూపుటకు పక్షి లేదు.

అక్రమముగా చంపిన జంతువులను రాష్ట్రముల యెల్లలు దాటించి అమ్మరాదని 1900లో లేసీ చట్టము విధించెను. 1937లో వచ్చిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టము వేటతుపాకులమీదను తూటాలమీదను వచ్చు పన్నును వన్యప్రాణుల పునరుద్ధరణకు కేటాయించెను. చంపువాని సొమ్ముతోనే చచ్చుదానిని బ్రదికించు ఈ యేర్పాటు వింతగా తోచవచ్చును గాని, ఫలించినది. అయితే మొదట జరిగిన ప్రయత్నము వట్టి దండుగ. కోళ్లవలె పొదిగించి పెంచిన పక్షులను ఎన్నో రాష్ట్రములవారు అడవులలో విడిచిరి; అవి నిలువలేదు. అడవిపెట్ట పిల్లలు గ్రుడ్డు వెడలిన యొకటిరెండు దినములలోనే గూడు విడిచి తల్లివెంట నడచుచు, ఏ నీడ పడినప్పుడు నక్కవలెనో, ఏ పిలుపునకు పరుగెత్తవలెనో తల్లివలన నేర్చును. దొడ్డిలో పుట్టిన పిల్లకు ఈ విద్య చెప్పువారు లేరు. కడకు 1951లో దక్షిణ కెరొలైనాలోని ఫ్రాన్సిస్ మారియన్ జాతీయారణ్యమున, ఫిరంగివంటి గొట్టములతో వల నెగురవైచి నిజమైన అడవిపక్షులనే పట్టిరి. అట్లు పట్టినవాటిని ఖాళీయైన అడవులకు చేర్చుటతో కథ మారెను. ఈ శతాబ్ది మొదటి దశకమున వాటిసంఖ్య 65 లక్షలు దాటినదని యంచనా. ఆపైన కొంత తగ్గినది.

వేటగాని విద్యయు ఆ పెట్ట విద్యవంటిదే యని నాకు తోచును. టర్కీ రెక్కయెముకలతో కూతగొట్టము చేయుట ఆదివాసుల నాటి నేర్పు. ఆర్కాన్సా రాష్ట్రపు హెన్రీ గిబ్సన్ 1897లో పేటెంటు పొందిన కొయ్యపెట్టె, మూత రాపిడిచే పెట్టవలె కూయును. పెట్టెను కొనవచ్చును, ఎప్పుడు కూయించుట మానవలెనో పెట్టెతో రాదు. చార్లెస్ జోర్డాన్ అను వేటగాడు జీవితమంతయు కూర్చిన అనుభవమును పుస్తకముగా తేకమునుపే 1909లో హతుడు కాగా, ఆ వ్రాతలను చేపట్టి ఎడ్వర్డ్ మెక్‌ఇల్‌హెన్నీ 1914లో అడవి టర్కీ వేటను గూర్చిన గ్రంథము ప్రకటించెను. పుస్తకము గొప్పదే, అయినను తాతయో మామయో ప్రక్కన గూర్చుండి భుజము నొక్కి ఆపిన పాఠము పుటలలోనికి రాదు. తాత మనుమనికి నేర్పిన సంగతులనే కథలుగా చెప్పి, రాబర్ట్ రువార్క్ 1957లో ప్రకటించిన ‘ది ఓల్డ్ మాన్ అండ్ ది బాయ్’ అమెరికాలో విశేషాదరము పొందుటకు కారణ మిదియే కావచ్చును.

ఇంటిలో సాగిన ఈ విద్యలో చట్టమును ప్రవేశించెను. వేట లైసెన్సు కోరువారు ముందు తుపాకి భద్రత నేర్వవలెనని న్యూయార్కు రాష్ట్రము 1949లో నిర్బంధము చేసెను. ఆ పాఠములలో టర్కీ వేటకే చెందిన దొకటి కలదు: ఎరుపు, తెలుపు, నీలము రంగుల బట్ట యేదియు ఒంటిమీద నుండరాదు, పాదుషాను మురిపించిన పుంజుతల రంగులు అవియే గనుక, పొదలచాటున చేతిరుమాలు కదలినను మరియొక వేటగాడు పక్షి యని భ్రమించును.

తరువాత పలురాష్ట్రములు బాలురకును బాలికలకును ప్రత్యేకదినములు కేటాయించెను. ఈ యాదరము కేవలము నిస్స్వార్థమని నేననజాలను. ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2011లో 1 కోటి 37 లక్షలుగా నుండిన వేటగాండ్రు 2016 నాటికి 1 కోటి 15 లక్షలైరి; వారు తగ్గిన లైసెన్సు రుసుమును తుపాకి పన్నును తగ్గును, ఆ సొమ్ముపై నిలిచిన అరణ్యరక్షణయు సడలును. విస్కాన్సిన్ రాష్ట్రము 2017లో, పెద్దవాడు తోడుండినచో ఏ వయసు బిడ్డయైనను వేటాడవచ్చునని కనిష్ఠవయోనియమమునే తీసివేసెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట నిషిద్ధమైన మన దేశమున బుట్టినవారికి ఇది వెగటుగా నుండుట సహజము. నాకును పసిచేతికి తుపాకి యిచ్చుట రుచింపదు.

ఇంతకంటె నాకు నచ్చినది న్యూయార్కు పద్ధతి. అచట ఏప్రిల్ మాసమున 12 మొదలు 15 ఏండ్ల వయసువారికి రెండుదినములు విడిచియుంచిరి. వెంటవచ్చిన పెద్దవాడు పక్షిని పిలువవచ్చును, బిడ్డకు మెల్లగా చెప్పవచ్చును. తుపాకి మాత్రము పట్టరాదు.