ఎవరి సుత్తి దెబ్బలు ఉంచాలి?

పాత ఇటాలియన్ కార్లకి మళ్ళీ ప్రాణం పోసే పని గురించి పోయిన ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం కదా. అందులో ప్యాట్ హోర్ ఫెరారీ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, మిగతాది బ్లాగులో రాస్తానని తప్పించుకున్నాను. ఇదిగో రాస్తున్నాను. నా నోట్స్‌లోంచి తీసినవే, కాబట్టి కొన్నిచోట్ల మీతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, సర్దుకోండి.

ముందు మా ఊరి నుంచి మొదలుపెడతాను. హాబ్సన్‌విల్ ఆక్లాండ్‌కి వాయవ్యాన, వైటెమాటా హార్బర్ పై కొసన ఉంటుంది. న్యూజీలాండ్ మొదటి గవర్నర్ విలియం హాబ్సన్ రాజధాని కోసం చూసిన చోట్లలో ఇదీ ఒకటి. రాజధాని రాలేదు, పేరు మాత్రం మిగిలింది. శని ఆదివారాల్లో కాటలీనా బే దాకా నడిస్తే నీళ్ళ పక్కన పెద్ద పెద్ద షెడ్లు కనిపిస్తాయి. ఇప్పుడక్కడ కాఫీలు, టిఫిన్లు. ఒకప్పుడు అది వైమానిక దళం స్థావరం. నీళ్ళ మీద దిగే విమానాల కోసం 1920ల చివర్లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో కిట్టీహాక్ యుద్ధ విమానాలు ఓడల్లో పెట్టెలకెత్తుకుని వస్తే ఇక్కడ బిగించి ఎగరేశారు. ఆ తర్వాత వచ్చిన సండర్లాండ్‌లు 1967 దాకా ఈ నీళ్ళ మీదే దిగాయి. అల్యూమినియం ఒంటికి ఉప్పునీళ్ళు తగిలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. తినేసిన రేకు కత్తిరించడం, కొత్త రేకుని ఆ వంపుకి సాగగొట్టడం, రివెట్లు వెయ్యడం. ఆ షెడ్లలో జరిగిన పనిలో చాలా భాగం ఇదే.

దీనికీ ఇటాలియన్ కార్లకీ ఏమిటి సంబంధం? చాలా దగ్గర సంబంధమే. ఊగో జగాటో అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల పనిలో ఉండి, 1919లో మిలాన్‌లో కార్ల బాడీలు కట్టే దుకాణం పెట్టాడు. విమానంలో నేర్చుకున్నదాన్నే కారుకి పట్టించాడు: బరువు తగ్గించాలి, పల్చటి అల్యూమినియం వాడాలి. అదే ఊళ్ళో టూరింగ్ అనే సంస్థ 1930ల్లో ఇంకో అడుగు వేసింది. సన్నటి ఇనప గొట్టాలతో పంజరం అల్లి, దానిమీద అల్యూమినియం తొడిగింది. దానికి పెట్టిన పేరు 'సూపర్‌లెజ్జేరా', అంటే మహా తేలిక. విమానం ఒడ్డూ పొడుగూ తగ్గి రోడ్డు మీదకొచ్చిందన్నమాట.

ఈ పని ఎలా చేస్తారో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు తగువంతా అందులోనే ఉంది. ముందు చెక్కతోనో తీగలతోనో కారు ఆకారం కడతారు. మిల్లీమీటరు పైచిలుకు మందం ఉన్న అల్యూమినియం రేకుని ఇసక నింపిన తోలు సంచి మీద పెట్టి, చెక్క సుత్తితో కొడతారు. కొట్టినచోట గుంట పడుతుంది, పక్కన ముడతలు లేస్తాయి. ఆ ముడతల్ని మళ్ళీ నొక్కి లోపలికి పంపాలి. కాసేపు కొట్టాక రేకు మొండికేస్తుంది, ఇంకా కొడితే చిట్లుతుంది. అప్పుడు వేడిచేసి మెత్తబరచాలి. ఇక్కడే చిక్కు. ఇనుమైతే కాలేకొద్దీ ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం రంగు మారదు, చెప్పాపెట్టకుండా 660 డిగ్రీల దగ్గర కరిగి కారిపోతుంది. దానికి పనివాళ్ళు కనిపెట్టిన చిట్కా చూడండి: ముందు గ్యాసు మంటతో రేకుకి నల్లగా మసి పట్టిస్తారు, తర్వాత మంట సరిచేసి ఆ మసి మాయమయ్యేదాకా కాలుస్తారు. మసి పోయిందంటే సరైన వేడి తగిలినట్టే. మీటరూ లేదు, లెక్కా లేదు.

ఇలా చేసిన కారులో ఎడమ పక్క కుడి పక్కతో సరిపోదు. అచ్చు యంత్రంలో పడిన రేకు కాదు కదా, ఒక మనిషి పొద్దున ఒక పక్కా, అలసిపోయాక సాయంత్రం ఇంకో పక్కా కొట్టాడు. నలభై యాభై ఏళ్ళకి ఆ కారు బాగుచెయ్యడానికి వస్తే, సమంగా లేని ఆ రెండు పక్కల్నీ సమం చెయ్యాలా, అలాగే వదిలెయ్యాలా?

ఇక ప్యాట్ హోర్ దగ్గరికి వద్దాం. క్రైస్ట్‌చర్చ్‌కి చెందిన రేసర్. ఫెరారీ డీనో 246 గ్రాండ్ ప్రి కారుని, అందులో మూడు లీటర్ల వి-12 ఇంజన్ పెట్టించుకుని, కంపెనీ దగ్గరే కొని తెచ్చుకున్నాడు. ఇంజన్ ముందుండే గ్రాండ్ ప్రి ఫెరారీల్లో ఆ డీనోలే చివరి తరం. 1960లో మోంజాలో ఫిల్ హిల్ గెలిచింది అలాంటి కారుతోనే. ఆ తర్వాత ఇంజన్ ముందున్న కారు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒక్క గ్రాండ్ ప్రి కూడా గెలవలేదు. (ఆ గెలుపు కూడా బ్రిటిష్ జట్లు పోటీని బహిష్కరించిన రోజున వచ్చిందే, అది వేరే కథ.) హోర్ ఆ కారుతో 1961లో న్యూజీలాండ్ గోల్డ్ స్టార్ గెలిచాడు. తర్వాత అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఇంజన్ వెనక పెట్టిన కూపర్లు వచ్చి, అంత గొప్ప ఫెరారీనీ ఒక్క రెండేళ్ళలో పాత సామాను చేసేశాయి.

ఇండియాలో పెరిగినవాళ్ళకి ఆయన తర్వాత చేసిన పని వింతగా ఏమీ అనిపించదు. న్యూజీలాండ్‌లో 1938 నుంచి దశాబ్దాల పాటు దిగుమతికి లైసెన్సు కావాలి. కొత్త కారు కొనాలంటే చేతిలో డబ్బుంటే చాలదు, విదేశీ కరెన్సీ కూడా ఉండాలి. మన లైసెన్స్ రాజ్‌కి చుట్టమే. అలాంటి చోట ఏదీ పారెయ్యరు, ఉన్నదాన్నే ఇంకోటి చేస్తారు. హోర్ కూడా ఒంటి సీటు రేసు కారు ఒళ్ళు తీయించి, క్రైస్ట్‌చర్చ్ పనివాళ్ళ చేత రోడ్డు మీద నడిచే కూపే కట్టించాడు. పోలిక 1962లో వచ్చిన ఫెరారీ 250 జీటీఓది. అసలు జీటీఓలు నలభై కూడా కట్టలేదు, 2018లో ఒకటి వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. భూగోళం అవతలి కొసన ఆ వంపుల్ని అల్యూమినియం మీద చేత్తో కొట్టి తెచ్చారు. ఫొటోల్లో చూస్తే కొంచెం తేడా తెలుస్తుంది. నాకైతే ఆ తేడాయే నచ్చింది.

1970ల్లో నీల్ కార్నర్ అనే ఇంగ్లిష్ కలెక్టర్ దాన్ని కొన్నాడు. ఆ కూపే ఒంటిని ఒలిచేసి, మళ్ళీ ఒంటి సీటు గ్రాండ్ ప్రి కారుగా నిలబెట్టారు. చాలా అందంగా ఉంది, చరిత్ర దృష్టితో చూస్తే న్యాయంగానూ ఉంది. గ్రాండ్ ప్రి ఫెరారీని గ్రాండ్ ప్రి ఫెరారీ చెయ్యడం తప్పని ఎవరంటారు? కానీ ఆ న్యాయం జరగాలంటే క్రైస్ట్‌చర్చ్ వాళ్ళ పని చరిత్ర కాదని ఒప్పుకోవాలి. మోదేనాలో కొట్టిన సుత్తి అసలు, ఇక్కడ కొట్టిన సుత్తి నకలు అనాలి. అక్కడే నాకు ముద్ద దిగదు. 2010ల మొదట్లో పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య తయారుచేసిన ట్యూరిన్ చార్టర్, కొత్తగా మెరిపించడం కంటే ఉన్నది కాపాడటమే మేలంటుంది, వాహనం బతుకులో వచ్చిన మార్పులూ దాని చరిత్రే అంటుంది. కార్నర్ నాటికి అలాంటి మాట ఇంకా పుట్టలేదు. అందుకే ఆయన్ని తప్పుపట్టను. ఈరోజైతే ఆ పని అంత తేలిగ్గా జరిగేది కాదనుకుంటాను.

ఇంతకీ ఈ గొడవ నాకెందుకు పట్టిందో చెప్పాలి. విజయవాడలో మా ఇంటి షెడ్డులో నాన్న కారుంది. పేరుకి ప్రీమియర్ పద్మిని, పుట్టుక ఇటలీదే. 1953లో వచ్చిన ఫియట్ 1100, దాంటే జకోసా రూపకల్పన, 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ కిందే గేరు. బొంబాయి కుర్లాలో తయారైంది. మేము బళ్ళో చదువుకునే రోజుల్లో ఓ లారీ దాని ఎడమ ముందు ఫెండర్‌ని నలిపేసింది. కొత్త ఫెండర్ ఎక్కడా దొరకలేదు. ఆటోనగర్‌లో లారీలకి క్యాబిన్లు కట్టే ఒక టింకరింగ్ మేస్త్రి, కుడి పక్క ఫెండర్ మీద అట్టముక్కలు పెట్టి కొలతలు తీసుకుని, ఇనప రేకుతో ఎడమది మొత్తం చేత్తో కొట్టి ఇచ్చాడు. నాన్న నాలుగు రోజులు ఆఫీసుకి సెలవు పెట్టి ఆ స్టూలు మీద కూర్చుని చూశారు. చక్రం మీది వంపు కుడి పక్కకంటే వేలెడంత ఎక్కువుంటుంది. తెలిసినవాళ్ళకే కనిపిస్తుంది.

2023 అక్టోబరు చివర్లో ముంబైలో పద్మిని టాక్సీలు రోడ్డు దిగిపోయాయి. మా అన్నయ్య అక్కడ ఎవరో తెలిసినాయన దగ్గర కంపెనీ ఫెండర్ ఒకటి సంపాదించాడు. నాన్న పోయాక కారుని మళ్ళీ మొదటిలా చేయిద్దామని వాడి ఆశ. మేస్త్రి చేసింది ఉంచుదామన్నాను. వాడు ఒక్కటే అడిగాడు: "ఒరేయ్, ఫియట్ వాడు చేసిన కారు కావాలా నీకు, ఆటోనగర్ వాడు చేసిన కారు కావాలా?" హోర్ కారు కథంతా చెప్పాను. "అది ఫెరారీరా బాబూ, మనది టాక్సీ మోడలు" అన్నాడు.

పోయిన నెల వీడియో కాల్‌లో ఇప్పటి టింకరు కుర్రాడి చేత ఆ ఫెండర్ చూపించాడు. ఆ కుర్రాడు లోపలి పక్కకి చెయ్యి పెట్టి తడిమి, "సుత్తి గుర్తులు ఇంకా తెలుస్తున్నాయి సార్. లప్పం కూడా పెద్దగా పెట్టలేదు, రేకే" అన్నాడు. అన్నయ్య ఏమీ అనలేదు. ముంబై ఫెండర్ పాత పేపర్లు చుట్టి ఇంకా అటక మీదే ఉంది.