శ్రీనాథుని చాటువులు - రెడ్డిరాజ్యాల పతనం

శ్రీనాథుని చాటువులు కవిసార్వభౌముడు శ్రీనాథుని పేరిట ప్రచారంలో ఉన్న విడి పద్యాలు. వీటిలో కొన్ని రెడ్డిరాజ్యాలు అంతరించిన తరువాత, గతించిన ప్రభువులను స్మరిస్తూ చెప్పినవిగా ప్రసిద్ధి పొందాయి.

చారిత్రక నేపథ్యం

1323లో కాకతీయ సామ్రాజ్యం పతనమైన తరువాత ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యాన్ని స్థాపించాడు. అనవోతారెడ్డి కాలంలో రాజధాని కొండవీడుకు మారింది. పెదకోమటి వేమారెడ్డి (పాలన 1402-1420) ఆస్థానంలో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉండి, శాసనాలకు పద్యాలు కూడా రచించాడు. 1424 ప్రాంతంలో కొండవీటి రెడ్ల పాలన ముగిసింది. అనంతరం ఆయన రాజమహేంద్రవరం చేరి, అక్కడి ప్రభువు వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చాడు. 15వ శతాబ్దం మధ్యనాటికి ఆ రాజ్యం కూడా గజపతుల వశమైంది.

చాటువులలో ప్రభుభక్తి

కావ్యం అంకితం పుచ్చుకొనే ప్రభువు కీర్తికి ఉద్దేశించినది. పూర్వపు ఏలికను తలచి దుఃఖించడానికి అందులో అవకాశం తక్కువ. ఆ దుఃఖానికి చాటువు ఆశ్రయమైంది. ప్రసిద్ధమైన ఒక సీసపద్యంలో కవి వీరారెడ్డి, మైలారు ప్రభువు, తెలుంగురాయడు, విస్సనమంత్రి మొదలైనవారి మరణాన్ని వరుసగా పేర్కొంటాడు. రత్నాంబరాలు, దినవెచ్చం, కస్తూరి, బంగారు పళ్ళెంలో భోజనం ఇకమీద ఇచ్చేవారెవరని ప్రశ్నిస్తాడు. పైకి ఇది పోయిన భోగాల పట్టికవలె కనిపించినా, ప్రతి భోగం వెనుక ఒక దాత పేరు నిలిచి ఉంది.

మరొక చాటువు కృష్ణాతీరాన బొడ్డుపల్లిలో కవి కౌలు వ్యవసాయం చేయడం, పంట నష్టపోవడం, శిస్తు చెల్లించలేక శిక్ష అనుభవించడం గురించి చెబుతుంది.

పోలికలు

1529లో శ్రీకృష్ణదేవరాయలు మరణించిన పిమ్మట అల్లసాని పెద్దన చెప్పినట్లు ప్రచారంలో ఉన్న చాటువు కూడా ఈ కోవకు చెందినదే. చైనాలో 1279లో సాంగ్ వంశం అంతరించగా, కవి, చిత్రకారుడు జెంగ్ సిషియావో మంగోలుల కొలువును నిరాకరించాడు. దేశపు నేల పరులపాలైందనడానికి సూచనగా ఆయన ఆర్కిడ్ మొక్కలను మట్టి లేకుండా వేళ్ళతో చిత్రించాడు. శ్రీనాథుడు మాత్రం కొత్త ఆశ్రయాన్ని నిరాకరించలేదు. ఆయన విశ్వాసం కొలువు మానుకోవడంలో కాక, పాత ప్రభువులను మరవకపోవడంలో వ్యక్తమైంది.

ప్రామాణికత

చాటువులు చాలాకాలం మౌఖికంగా వ్యాపించినవి. అందువల్ల వీటి కర్తృత్వాన్ని శాసనాలవలె నిర్ధారించడం సాధ్యం కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్య మణిమంజరిలో ఇటువంటి పద్యాలను సేకరించి ప్రకటించాడు. శ్రీనాథుని రచనలు కాని పద్యాలు వీటిలో ఉన్నప్పటికీ, రెడ్డిరాజుల పతనాన్ని తెలుగువారు జ్ఞాపకం ఉంచుకున్న తీరుకు ఇవి సాక్ష్యాలు.