హార్మోన్ లూప్: గర్భాశయ లోపొర రక్తనాళాలపై దాని ప్రభావం

లెవోనార్‌జెస్ట్రెల్ అనే హార్మోనును కొద్దికొద్దిగా వదులుతూ గర్భాశయంలో ఏళ్ల తరబడి ఉండే గర్భనిరోధక సాధనాన్ని వాడుకలో హార్మోన్ లూప్ అంటున్నారు. మిరెనా అన్న వ్యాపారనామంతోనే చాలామందికి ఇది పరిచయం. టి ఆకారంలో చిన్న ప్లాస్టిక్ చట్రం, దాని కాడ చుట్టూ 52 మిల్లీగ్రాముల మందు నింపిన గొట్టం, కింద రెండు సన్నని దారాలు: చూడడానికి ఇంతే. మొదట్లో రోజుకు సుమారు 20 మైక్రోగ్రాముల మందు బయటికి వస్తుంది. పెట్టించుకున్న తొలి మూడు నుంచి ఆరు నెలల్లో చాలామందికి వేళాపాళా లేకుండా ఎర్ర మరకలు కనిపిస్తాయి. ఏడాది తిరిగేసరికి అదే సాధనం నెలసరిని బాగా తగ్గిస్తుంది, దాదాపు ఐదుగురిలో ఒకరికి పూర్తిగా ఆపేస్తుంది. ఒకే మందు ఇలా ఎదురెదురు పనులు ఎందుకు చేస్తుందన్న ప్రశ్నకు జవాబు చాలాకాలం హార్మోన్ల మోతాదులో వెతికారు. అసలు జవాబు రక్తనాళాల్లో ఉంది. ఈ మందు రక్తస్రావాన్ని తగ్గించేలోపే రక్తం వచ్చే చోటును మార్చేస్తుంది.

మామూలు నెలసరిలో రక్తం ఎక్కడి నుంచి వస్తుందో కళ్లారా చూసినవాడు అమెరికన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్త మార్కీ. రీసస్ కోతి గర్భాశయ లోపొర ముక్కలను అదే జాతి కోతుల కంటిలో, నల్లగుడ్డు ముందుండే ద్రవపు గదిలో నాటాడు. అక్కడ ఆ ముక్కలు బతికి, నెలనెలా పెరిగి, నెలనెలా స్రవించాయి. పారదర్శకమైన కార్నియా ఆయనకు కిటికీ అయింది. స్రావానికి కొన్ని రోజుల ముందే పొర కుంచించుకుపోవడం, అందులోని మెలికలు తిరిగిన సన్నని ధమనులు మరింతగా ముడుచుకోవడం, స్రావానికి కొన్ని గంటల ముందు అవి బిగుసుకుని పొర పాలిపోవడం, తర్వాత ఒక్కొక్క ధమని సడలినప్పుడు రక్తం ఎగదన్ని పొర కింద చిన్న చిన్న మడుగులు కట్టడం ఆయన నమోదు చేశాడు. 1940లో వచ్చిన ఆ పరిశీలన ఈ అంశానికి పునాది. నెలసరి మెలికల ధమనుల పని, దాన్ని మొదలుపెట్టేది ప్రొజెస్టెరాన్ అనే అండాశయ హార్మోను పడిపోవడం. హార్మోన్ లూప్ ఉన్నచోట ఈ రెండూ ఉండవు. లోపొరకు ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే లెవోనార్‌జెస్ట్రెల్ వంటి మందు) సరఫరా ఒక్కరోజూ ఆగదు, మెలికల ధమనులు పెద్దగా ఎదగవు. అక్కడ కనిపించే మరకను నెలసరి అనడం అలవాటే తప్ప శాస్త్రం కాదు.

ఈ సాధనం రక్తనాళాలను దృష్టిలో పెట్టుకుని పుట్టింది కాదు. 1960ల నాటి ప్లాస్టిక్ లూపులు రక్తస్రావాన్ని పెంచేవి, కొన్నిసార్లు జారిపోయేవి. గర్భాశయ కండరాన్ని హార్మోనుతో శాంతపరిస్తే లూపు నిలుస్తుందన్న ఆశతో షికాగోలో ఆంటోనియో స్కొమెన్యా బృందం లూపుకు ప్రొజెస్టెరాన్ గొట్టం తగిలించి 1970లో ఫలితాలు ప్రకటించింది. 1976లో ఆ తరహా సాధనం ప్రొజెస్టసర్ట్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది కానీ ఏడాదికోసారి మార్చుకోవాల్సి రావడంతో అంతగా నిలదొక్కుకోలేదు. ఫిన్లండ్‌లో టపాని లూకైనెన్, పాపులేషన్ కౌన్సిల్ అనే పరిశోధన సంస్థ సహకారంతో, చిటికెడు మోతాదుతోనే పనిచేసే లెవోనార్‌జెస్ట్రెల్‌ను ఎంచుకున్నాడు. ఆ ఎంపికతోనే సాధనం ఏళ్ల తరబడి పనిచేయగలిగింది. ఫిన్లండ్‌లో 1990లో, అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది. 1990లోనే స్వీడన్ వైద్యులు ఆండర్సన్, రీబో అధిక రక్తస్రావం ఉన్న స్త్రీలలో స్రావాన్ని కొలిచి చూశారు. మూడు నెలలకు అది 86 శాతం, ఏడాదికి 97 శాతం తగ్గింది. మరకల రోజులు ఎక్కువగా ఉండే ఆ తొలి మూడు నెలల్లోనే రక్తం పరిమాణం అంతగా పడిపోయిందన్నది గమనించాలి. రోజులు వేరు, పరిమాణం వేరు. వాడేవారి విసుగుకూ వైద్యుల సంతృప్తికీ మధ్య దూరం అక్కడే ఉంది.

గర్భాశయంలోకి సన్నని గొట్టం పంపి చూసే హిస్టరోస్కోపీ వచ్చాక లోపొరను నేరుగా చూడడం వీలైంది. ఆస్ట్రేలియాలో ఇయాన్ ఫ్రేజర్, పీటర్ రోజర్స్, మార్తా హికీ వంటివారు ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న గర్భనిరోధకాలు వాడేవారిని పరిశీలించారు. పలచబడిన పొర మీద, పైపైనే, వెడల్పయిన పలుచని గోడల నాళాలు కనిపించాయి. అక్కడక్కడా సూదిమొన పొడిచినట్టు రక్తపు చుక్కలు. కారుతున్నది ధమనుల నుంచి కాదు, పైపొర కేశనాళికలు, చిన్న సిరల నుంచి. ఆ నాళాలు ఎందుకు పెళుసవుతాయో అమెరికాలో చార్లెస్ లాక్‌వుడ్, గ్రాసియెలా క్రికున్ తదితరులు వివరించారు. ప్రొజెస్టిన్ వల్ల లోపొరకు రక్తప్రవాహం తగ్గుతుంది, ఆక్సిజన్ కొరత ఏర్పడుతుంది, దానితో హానికర ఆక్సిజన్ అణువులు పుడతాయి. నాళం గోడను బిగించి ఉంచే ఆంజియోపొయిటిన్-1 తగ్గి, దాన్ని వదులుచేసే ఆంజియోపొయిటిన్-2 పైచేయి అవుతుంది. గోడ కట్టుబాటు సడలిన నాళం తనంతట తానే చెమ్మగిలుతుంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. నాళాలు అంత పెళుసైతే స్రావం పెరగాలి కదా? పెరగదు. తెగేది కేశనాళిక, ధమని కాదు. దాన్ని మోసే పొర కూడా పలచనిది. గ్రంథులు కుంచించుకుపోయి, చుట్టూ ఉన్న కణజాలం గర్భం వచ్చినప్పటి మాదిరిగా మారిపోయాక రాలడానికి పెద్దగా ఏమీ మిగలదు. రెండో అభ్యంతరం బలమైనది. నాళాల మీద తొలి ఆధారాల్లో చాలా భాగం అప్పట్లో చేతిలో అమర్చిన, ఇదే మందును వదిలే నార్‌ప్లాంట్ వాడినవారి నుంచి వచ్చింది. అక్కడ మందు రక్తం గుండా లోపొరకు చేరుతుంది, ఇక్కడ మూలం పక్కనే ఉంటుంది కాబట్టి లోపొరలో మోతాదు రక్తంలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఒకచోటి లెక్కను ఇంకోచోట యథాతథంగా వేయడం తప్పే. ధమనులు ఎదగకపోవడం, పైపొర నాళాలు వెడల్పవడం మాత్రం రెండుచోట్లా కనిపించాయి. వాదానికి ఆ మేరకు ఆధారం చాలు. ఇక నాళాల సాంద్రత పెరిగితే మరకలు పెరుగుతాయన్న సూటి లెక్క కుదరలేదు. నాళాలు ఎన్నన్నది కాదు, ఎంత గట్టివన్నదే ప్రశ్న. మూడో అభ్యంతరం ప్రయోగశాలది కాదు, ఇంటిది: ముట్టు ఆగితే చెడు రక్తం లోపలే నిలిచిపోతుందన్న భయం. పొరే పెరగనప్పుడు నిలవడానికి రక్తం ఎక్కడిది? అండాశయాలు చాలామందిలో తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి.

ఈ చర్చకు తెలుగు రాష్ట్రాలతో నేరుగా సంబంధం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఆ ఆపరేషన్లకు చెప్పే ప్రధాన కారణాల్లో అధిక రక్తస్రావం ఒకటి. ఫిన్లండ్‌లో అదే బాధతో ఆపరేషన్‌కు సిద్ధమైన 236 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఈ సాధనం అమర్చి చూస్తే, ఐదేళ్లలో వారిలో 42 శాతం మందికి ఆపరేషన్ తప్పలేదు, మిగతావారికి గర్భసంచి మిగిలింది. తొలి నెలల మరకలు నాళాల మార్పు లక్షణమని ముందే చెబితే తొందరపడి సాధనాన్ని తీయించుకునేవారు తగ్గుతారు. కానీ నెలల తరబడి కుదురుకున్నాక కొత్తగా మొదలైన స్రావాన్ని ఈ వివరణతో సరిపెట్టుకోకూడదు. సాధనం జారిందా, గర్భం నిలిచిందా, ఇన్ఫెక్షన్ సోకిందా, పొరలో మరేదైనా పెరుగుతోందా అన్నది డాక్టరు చూసి తేల్చాలి.