తగాదా – బాడుగ బాకీల చరిత్ర

తగాదా యను మాటకు నేడు మనము కలహమని యర్థము చెప్పుకొనుచున్నాము. అరబ్బీ, పారసీకములనుండి హిందుస్థానీ మీదుగా తెలుగునకు వచ్చిన యీ మాటకు మొదటి యర్థము, రావలసిన సొమ్ము నడుగుట. బాకీ యడుగుట యను న్యాయమైన పని కలహమునకు పేరైపోవుటలోనే మన వర్తకమునందలి లోప మొకటి దాగియున్నది. సరకులు మోయువారి బ్రదుకులలో ఆ లోపము మిక్కిలి స్పష్టముగా కనబడును. రాచర్ల, గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములను దృష్టియందుంచుకొని మేమీ విషయమును విచారింపదలచితిమి.

రాచర్ల సీమకు పడమట నల్లమల గోడవలె నిలిచియున్నది. నంది కనుమ దాటిన నంద్యాల. తూర్పునకు దిగిన ఒంగోలు తీరము. తీరమున ఉప్పు పండును; కనుమ కావల ప్రత్తి పండును. రైలు రాకపూర్వము ఈ సరకులను మోసినవారిలో లంబాడీలు ముఖ్యులు. వారు చాలవరకు ఉప్పును తామే కొని, యెద్దుల పెరికెలపై లోసీమలకు తెచ్చి, తామే యమ్మి, మరలునప్పుడు ధాన్యమో ప్రత్తియో కొనిపోవుచుండిరి. సరకును వారిదే, మోతయు వారిదే. కావున వారికి ధరతోనే గాని బాడుగతో పనిలేకుండెను. సరకొకరిదియు బండి మరియొకరిదియు నైననాడే బాడుగ బాకీ పుట్టినది.

ఈ బాకీకి ఒక విశేషము కలదు. బట్ట అరువిచ్చినవాడు, సొమ్ము రాకున్న, బట్టనైనను తిరిగి యడుగవచ్చును. మోసిన దూరమును తిరిగి తెచ్చుకొనుట యెట్లు? బండివానికి గల తాకట్టు బండిమీది సరకొక్కటియే. సరకు బండిపై నున్నంతవరకు వర్తకుడు బండివానికొరకు ఎదురుచూచును. సరకు దిగిన మరుక్షణమునుండి బండివాడు వర్తకునికొరకు ఎదురుచూచును. బాడుగ బాకీల చరిత్ర యంతయు ఈ క్షణముచుట్టును తిరిగినదే.

పూర్వులు బాకీదారుని ఆపుటకు దైవభయమును, లోకలజ్జను సాధనములుగా వాడిరి. 13వ శతాబ్దము చివర మన దేశమునకు వచ్చిన మార్కోపోలో తమిళ తీరమగు మాబారునందలి యాచార మొకటి వ్రాసియున్నాడు. ఎన్నిమారులడిగినను ఇయ్యని బాకీదారునిచుట్టు అప్పులవాడు నేలపై గిరి గీయును. సొమ్మిచ్చియో పూచీ చూపియో గాని అతడా గిరి దాటరాదు. ఒక విదేశ వర్తకుడు గుఱ్ఱముపై పోవుచున్న రాజుచుట్టే గిరి గీయగా, ఆ రాజు బాకీ తీర్చువరకు కదలలేదట. ఉత్తరదేశమున ధర్నా యనునది ప్రబలియుండెను. అప్పులవాడు బాకీదారుని గుమ్మమున కూర్చుండి, తన బాధవలన వానికి దైవాగ్రహము కలుగునని బెదరించుట ధర్నా. 1860 నాటి భారత శిక్షాస్మృతి దీనిని ఉదాహరించి నేరముగా నిర్ణయించెను. బెదరింపును మాన్పుట మంచిదే. కాని బెదరింపు పోయినచోట సులభమైన న్యాయమార్గము వెంటనే రాలేదు. కోర్టు ఖర్చు భరింపగలవానికే కోర్టు అందుబాటులో నుండెను. ఒక జత యెడ్లుగల బండివాడు అట్టివాడు కాడు.

పెద్ద సంస్థలకు మాత్రము మార్గము ముందుగనే దొరకినది. ఇంగ్లండులో 1702వ సంవత్సరముననే న్యాయస్థానము, బాడుగ ముట్టువరకు మోతవాడు సరకు నాపుకొనవచ్చునని తీర్పు చెప్పియుండెను. మన సీమలో 1876-78 నాటి ధాత కరువు తరువాత, ఆ శతాబ్దము ముగియకముందే, బెజవాడ-గుంతకల్లు రైలుమార్గము కంభము, గిద్దలూరుల మీదుగా నల్లమలను దాటినది. 1890 నాటి రైల్వే చట్టము, కూలి చెల్లింపనివాని సరకు నాపుకొనుటకును, వేలము వేయుటకును రైల్వేలకు స్పష్టమైన యధికారమిచ్చినది. స్టేషనులో ముందు పైకము, పిమ్మట సరకు. ఆ గుమాస్తాతో తగాదా పెట్టుకొనినవాడు లేడు. ఇందలి కారణము గుమాస్తాయొక్క కాఠిన్యము కాదు. నియమ మందరికిని ముందే తెలిసియుండుట.

రోడ్డుపై మోయువారి సంగతి వేరు. 1865 నాటి క్యారియర్ల చట్టము సరకు పోయినపుడు మోతవాని బాధ్యత యెంతయని చెప్పినదే గాని, బాడుగకై సరకు నాపుకొను మాట అందు లేదు. 2007లో చేయబడి 2011లో అమలునకు వచ్చిన రోడ్డు రవాణా చట్టమునందే, వేరు ఒడంబడిక లేనిచో, సరకు తీసికొనునప్పుడు బాడుగ చెల్లింపనివాని సరకును నమోదైన రవాణాదారుడు ఆపుకొనవచ్చునని వ్రాయబడినది. రైలునకు 1890లో దొరకిన స్పష్టమైన యక్షరము లారీకి దొరకుటకు నూరేండ్లు దాటినవి! 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము మరియొక యడుగు వేసినది. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 దినములలోపున సొమ్ము చెల్లింపవలెను. ఒడంబడిక లేకున్న 15 దినములే గడువు. గడువు దాటినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, అదియు నెలనెలకు చక్రవడ్డీగా, ఇయ్యవలెను.

చట్టములుండియు బాకీలేల నిలుచుచున్నవి? మార్కాపురపు పలకలు ఎత్తుకొని దూరదేశము పోవు లారీ యజమాని డీజిలునకు, టోలునకు, డ్రైవరు బత్తాకు రొక్కమే ఇచ్చును. అతనికి మాత్రము బాడుగలో కొంత ముందును, మిగిలినది సరకు దింపి, ముద్రపడిన రసీదు తెచ్చిన పిదపను. అప్పుడు బిల్లు రాలేదందురు, తూకము తగ్గినదందురు, షరాబు ఊరిలో లేడందురు. ఏబదివేల రూపాయలు మూడు నెలలు నిలిచినవనుకొందము. ఆ లోటు పూడ్చుకొనుటకు లారీ యజమాని నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో, మూడువేల రూపాయలు పోవును. అనగా చిన్నవాడు తాను వడ్డీకి తెచ్చి పెద్దవానికి వడ్డీలేని యప్పిచ్చుచున్నాడు! గట్టిగా అడిగిన మరునాడు లోడు మరియొకనికి పోవునను భయమే అతని నోరు కట్టివేయుచున్నది.

ఈ భయమునకు మందు ధైర్యమొక్కటియే కాదు, పద్ధతి. బాడుగ యెంత, ఎవరియ్యవలెను, ఏనాటికియ్యవలెను అను మూడు మాటలు లోడు ఎత్తకముందే కాగితముపై నుండవలెను. రసీదు అందిన దినమే బిల్లు పంపవలెను. గడువు దాటిన మరునాడే మర్యాదగా, వ్రాతమూలముగా జ్ఞాపకము చేయవలెను. ఆరు నెలలు మౌనము వహించి ఏడవనెల కేకలు వేయుటచే సొమ్మును రాదు, స్నేహమును నిలువదు. పాత బాకీ తీరనిదే క్రొత్త అరువు పెంచరాదు. బండి బాడుగకు దావా గడువు మూడేండ్లే; ఆలోపున బాకీదారునిచేత ఒప్పుదల వ్రాయించి సంతకము గైకొనినచో గడువు మరల మొదలగును. ఒక్కడు అడుగ వెఱచిన నియమమును ఊరిలోని లారీ యజమానులందరు కలిసి పెట్టుకొనినచో, లోడు ఎవ్వరికి పోయినను నియమ మొక్కటియే యగును.

అయితే అధికారమునకును హద్దు కలదు. పంపినవాడు బాడుగ యియ్యలేదని, తన వంతు ముందే చెల్లించిన కొనుగోలుదారుని సరకును పట్టియుంచుట న్యాయము కాదు. పైకమెవరిదో కాగితముపై నుండిన ఈ చిక్కును రాదు.

ఇక ఇయ్యవలసినవారితో ఒక మాట. కూలివానికి సాయంకాలము కూలి యియ్యనివానిని మనము నిందింతుము. లారీవానికి మూడు నెలలు త్రిప్పినవానిని మాత్రము గట్టి వర్తకుడని మెచ్చుకొందుము. ఈ రెండు పనులకును భేదమేమి? ఇయ్యవలసినవాడు గడువునాడే ఇచ్చినచో, అడుగవలసినవాడు సిగ్గుపడక అడుగగలిగినచో, బాకీ యడుగుటకు కలహమను పేరుండదు.